ఎనిమిదిని ఏడు చేసిన ఏడుపు

రిటైరైనవాళ్లు సాధారణంగా తాము చేసిన పనుల గురించి రాస్తారు. నేను చెయ్యని పని ఒకటుంది, దాని గురించి రాస్తాను. ఒకరోజు మా షెడ్డులో ఒక చెక్క పలకను తిప్పి పెట్టాల్సి ఉండగా పెట్టలేదు. రెండు చేతులతో రెండు క్షణాల్లో అయిపోయే పని. నలభై రోజులు చెయ్యకుండా కూర్చున్నాను. కారణం అడిగితే ఒక్కటే మాట, ఏడుపు. కన్నీళ్లు కారే ఏడుపు కాదు. పక్కవాడు పచ్చగా ఉంటే చూడలేక వచ్చే ఏడుపు.

చేతిపనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఉలి జారితే వేలు తెగుతుందని మీ మేస్త్రీలు మీకు చెప్పే ఉంటారు. ఇది మాత్రం ఎవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే చెప్పాలంటే ముందు తమ గుట్టు విప్పుకోవాలి. నేను విప్పుకుంటున్నాను, వినండి.

మాది తాళ్లరేవు వైపు, చెక్క పడవలు కట్టే చోటు. ముప్ఫై దాటాక దుబాయ్ వెళ్లాను. మావాళ్లకి ఆ దేశమంతా దుబాయే గానీ, నేను పనిచేసింది ఉమ్మ్ అల్ కువైన్‌లో. సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయను అక్కడ ఖోర్ అంటారు. ఆ ఖోర్ ఒడ్డున ఒక పడవల షెడ్డు. ఇరవై ఆరేళ్లు అందులోనే. నా భార్య షార్జాలో ఒక ఆసుపత్రిలో నర్సు కాబట్టి మాకు అల్ నహ్దాలో ఒక చిన్న ఫ్లాటు ఉండేది. లేకపోతే నాలాంటి వడ్రంగికి లేబర్ క్యాంపులో పై మంచమే దిక్కు.

నేను వెళ్లిన కొత్తలో అక్కడ చెక్క పని బాగానే ఉండేది. తర్వాత ఫైబర్ వచ్చింది. చిత్రిక పట్టిన చేత్తోనే నేనూ గాజు గుడ్డ, జిగురు పట్టాను. అయినా ఏ మూల నుంచి పాత చెక్క పడవ వచ్చినా మా అర్బాబ్, అంటే యజమాని, షెడ్డులో అడుగుపెడుతూనే "వేన్ మేస్త్రీ?" అనేవాడు. మేస్త్రీ ఎక్కడ అని. ఆ రెండు మాటల మీదే నేను ఇరవై ఆరేళ్లు బతికానంటే అతిశయోక్తి కాదు.

2020లో షెడ్డు నెలల తరబడి మూతబడింది. నా భార్య మొహం మీద మాస్కు గీతలు చెరగకుండా డ్యూటీలు చేస్తుంటే, నేను ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను. మళ్లీ తెరిచిన రోజు వెళ్లి చూస్తే షెడ్డు మధ్యలో ఒక కొత్త అతిథి ఉంది. ఖర్జూరపు తోటలో మేకల దాణా మీద మూతగా బోర్లించి ఉంటే, అర్బాబ్ చూసి ఎత్తుకొచ్చాడట.

పడవంటే మీరనుకునే పడవ కాదు. చేటలా పల్చగా, వెడల్పుగా ఉండి, రెండు పక్కలా చెంపలు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. పొడవు పన్నెండు అడుగులు కూడా లేదు. ఒక్క మనిషి మోకాళ్ల మీద కూర్చుని నడపాలి. మోటారు లోపల ఉండదు, వెనక చెక్కకి బయట తగిలిస్తారు. హైడ్రోప్లేన్ అంటారు దాన్ని. మామూలు పడవ నీళ్లను కోసుకుంటూ పోతుంది. ఇది వేగం అందుకుందంటే, మనం చిన్నప్పుడు కాలవలో విసిరిన పెంకు గెంతినట్టు నీళ్ల మీద గెంతుకుంటూ పోతుంది. పందాలకు తప్ప ఇంకెందుకూ పనికిరాదు. నలభై ఏళ్ల కిందట అక్కడ చమురు పనికొచ్చిన ఇంగ్లీషు ఇంజనీర్లు సరదాకి కట్టుకుని, వెళ్లిపోతూ స్థానికులకి ఇచ్చిపోయిన రకం.

మరుసటి ఏడాది ఆ దేశానికి యాభై ఏళ్లు నిండుతున్నాయి. జాతీయ దినోత్సవానికి ఖోర్ ఒడ్డున పాత పడవలన్నీ వరసగా పెడతారని, ఇది కూడా అందులో ఉండాలని అర్బాబ్ కోరిక. బాగుచెయ్యడం నా పని. కానీ ఆయనకి ఇంకొకటి కావాలి. దీన్ని ఎవరు నడిపారు? ఏ నంబరు మీద? గెలిచిందా, మునిగిందా? "చరిత్ర లేకపోతే ఇది మేకల దాణా మీద మూతే," అన్నాడు. పడవతోపాటు కాగితం ముక్క కూడా రాలేదు.

నన్నే అడుగుతాడనుకున్నాను. ఆయన పికప్ డ్రైవర్‌ని అడిగాడు.

పికప్ డ్రైవర్ అంటే మా కడపాయన. సాయిబు. నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న. అల్ కుసైస్‌లో ఉండేవాడు, రోజూ పొద్దున నన్ను అల్ నహ్దాలో ఎక్కించుకుని షెడ్డుకి తెచ్చేవాడు. చేరి అప్పటికి రెండేళ్లు కాలేదు. అంతకుముందు ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరుగా చేసి వాళ్ల మాట యాసతో సహా పట్టేశాడు. అరబ్బీ చదవడం చిన్నప్పుడే మసీదులో నేర్చుకున్నాడు. నాకు వచ్చిన అరబ్బీ అంతా కొలతలు, రంగుల పేర్లు, పదమనే యల్లా, అయిపోయిందనే ఖలాస్.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇతని నోటికి ఊరేంటి, దేశమే మంచిదైంది. ఏ రేవుకి సరుకు వేసుకుని వెళ్లినా అక్కడ నీడన కూర్చున్న ముసలి జాలరుల పక్కన చేరి, సలాం చెప్పి, పిల్లల క్షేమం అడిగి, ఆఖర్న పడవ సంగతి తీసేవాడు. వాళ్లు చెప్పింది ఫోనులో రికార్డు చేసుకునేవాడు. శుక్రవారాలు నమాజు తర్వాత ఖోర్‌లో పందాలు జరిగేవని, ఇలాంటివి నాలుగైదు ఉండేవని కనుక్కున్నాడు. ఎవరి ఇంట్లోనో ఆల్బంలో ఒక ఫొటో కూడా సంపాదించాడు. అందులో మన పడవలాంటిదే గాల్లోకి లేచి ఉంది, కానీ నీటి తుంపర సరిగ్గా నంబరు మీద పడింది.

"సూడు మేస్త్రీ, అల్లా ఎంత తమాషా చేస్తాడో! అంతా సూపించి నంబరు ఒగటి దాసినాడు," అని నాకు పికప్‌లో చూపించాడు.

"బాగుంది భాయ్," అన్నాను. నా కడుపులో మంట మొదలైంది అప్పుడే.

మీకు ఇక్కడొక ఆచారం చెప్పాలి. అరబ్బుల ఇళ్లలో మజ్లిస్ అని ఒక గది ఉంటుంది, వచ్చినవాళ్లతో కూర్చుని మాట్లాడేది. అక్కడ యాలకులు వేసిన చేదు కాఫీ చిట్టి కప్పులో పోస్తారు. తాగి కప్పు చాపితే మళ్లీ పోస్తారు. చాలు అనాలంటే నోటితో అనరు, కప్పును కొద్దిగా అటూ ఇటూ ఊపాలి. నేను చేరిన మొదటి ఏడాది రంజాన్ పండక్కి నన్ను కూడా లోపలికి పిలిచారు. ఊపాలని నాకు తెలియదు. పెద్దలు పోస్తుంటే వద్దనకూడదని మన పెంపకం. తొమ్మిది కప్పులు తాగాను. గుండె దడదడలాడుతుంటే లేచొచ్చాను. మరునాడు షెడ్డంతా నవ్వు. ఎందుకో ఏమో, ఆ తర్వాత నన్ను మళ్లీ లోపలికి పిలవలేదు. గడప దగ్గర చెప్పులు విప్పి, నిలబడి కొలతలు చెప్పి, చెప్పులు తొడుక్కుని వచ్చేసేవాణ్ని.

కడపాయన ఆ పడవ పుణ్యమా అని నెల తిరక్కుండా లోపల కూర్చున్నాడు. అర్బాబ్ పక్కన, అదే దిండుకి ఆనుకుని. కిటికీలోంచి చూశాను. రెండు కప్పులు తాగి, మూడు వేళ్లతో కప్పు పట్టుకుని, పుట్టినప్పటి నుంచీ అదే పని చేస్తున్నట్టు చిన్నగా ఊపాడు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు. నాకు ఆ సామెతలో నేను చెవిననే విషయం మహా బాధగా ఉండేది.

నాకూ చరిత్ర తెలుసు, కాకపోతే నాది నోళ్లలో కాదు, రంగు పొరల్లో ఉంది. గరుకైన ఉప్పు కాగితం తడిపి రుద్దుతూ పోతే పైన ఎరుపు, దానికింద ఆకుపచ్చ, దానికింద నీలం, అన్నిటికింద తెలుపు. ప్రతి పొరా ఒక యజమాని. ఎవరు ఓపిగ్గా పూశారో, ఎవరు దుమ్ము తుడవకుండా పూశారో చెప్పగలను. ఎవరూ అడగలేదు. అడగనిదే చెప్పకూడదని నేనూ బిగుసుకున్నాను.

పలక దొరికింది అప్పుడే. 2021 అక్టోబరులో అనుకుంటాను. కుడివైపు పక్కచెక్క నాని పొరలు విడిపోతే ఊడదీసి బల్ల మీద పెట్టాను. కొత్తది కొయ్యాలంటే పాతదే అచ్చు. ఆకుపచ్చ కింద, నీలం మీద ఏదో తెల్లటి గీత కనిపించింది. ఇంకాస్త రుద్దాను, రెండో గీత. నా చేతికింద, నా ఉప్పు కాగితం కింద. ఇంతలో కడపాయన టీ తెచ్చాడు.

"యేం మేస్త్రీ అది? నంబరా?" అని టీ పక్కన పెట్టి, పలకను రెండు చేతులా ఎత్తి కిటికీ వెలుగుకి పట్టుకున్నాడు. ఎలా అందితే అలా.

అరబ్బీ అంకెలు మీకు తెలియకపోవచ్చు. ఏడు పంగలకర్రలా పైకి చీలి ఉంటుంది. దాన్నే బోర్లిస్తే పాక కప్పులా ఉంటుంది, అది ఎనిమిది. ఒకటి మాత్రం నిలువు గీత, ఎటు తిప్పినా ఒకటే. అతను పట్టుకున్న తీరులో ముందు పంగలకర్ర, తర్వాత గీత. డెబ్బై ఒకటి.

"యా అల్లా! డెబ్బై ఒగటి మేస్త్రీ! దేశం పుట్టిన సంవత్సరం!" అన్నాడు.

నేను పలక అంచు చూస్తున్నాను. పక్కచెక్క కింది అంచు నీళ్లకి ఆనుతుంది కాబట్టి మేకులు రెండు వేళ్ల ఎడంలో దగ్గర దగ్గరగా కొడతారు. పై అంచున జానెడు ఎడం చాలు. అతని చేతుల్లో దగ్గర దగ్గర బొక్కలు పైన ఉన్నాయి. అంటే పలక తలకిందులుగా ఉంది. తిప్పితే ముందు గీత, తర్వాత పాక కప్పు. పద్ధెనిమిది.

చెప్పడానికి నోరు తెరిచాను, ఒట్టు. అప్పటికే అతను "అర్బాబ్! అర్బాబ్!" అని కేకేస్తూ పలకతో బయటికి పరిగెత్తాడు. అర్బాబ్ వచ్చాడు. పలక చూశాడు. కళ్లు చెమర్చాయి. కడపాయన భుజం మీద చెయ్యి వేశాడు. రెండోచేత్తో ఎవరికో ఫోను కలిపి ఆ అంకె చెప్పడం మొదలుపెట్టాడు. "వేన్ మేస్త్రీ?" అనలేదు. నేను అక్కడే, చేతికి తెల్ల దుమ్ముతో నిలబడి ఉన్నాను.

నోరు మూసుకున్నాను. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనుకోనీ, ప్రదర్శన రోజు పదిమందిలో ఎవరో ఒకరు నాలుగో కాలు చూపిస్తారు, అప్పుడు చూద్దాం ఆ భుజం మీద చెయ్యి ఎక్కడ ఉంటుందో అనుకున్నాను. ఇది నేను పనిచేసిన చోట, నా పనిలో, తెలిసి చేసిన తప్పు. పలకను అచ్చుగా వాడుకుని షెడ్డు వెనక అటక మీద పెట్టేశాను.

నెల గడిచింది. రోజూ అదే పికప్‌లో పక్కపక్కనే వెళ్లొచ్చాం. అతను దారంతా డెబ్బై ఒకటి గురించే చెప్పేవాడు. ఆ నంబరు పడవ తెలిసినవాళ్లు ఒక్కరూ దొరకడం లేదని దిగులు. దొరకరని నాకు తెలుసు. లేని పడవని ఎవరు చూస్తారు? అతని దిగులు నాకు పొద్దుటి కాఫీలా ఉండేది. ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ ఉన్నమాట.

నవంబరు చివర్లో ఒక మధ్యాహ్నం అతను ఒక ముసలాయన్ని షెడ్డుకి తెచ్చాడు. రాస్ అల్ ఖైమా వైపు మనిషి. వయసులో ఉన్నప్పుడు ఖోర్‌లో పందాలు తోలాడట. చూపు చాలావరకు పోయింది. ఒక చేత కర్ర, రెండో చెయ్యి కడపాయన మోచేతి మీద. ఆయన పడవ తమ్ముడికిస్తే, తమ్ముడు పోయాక అది ఎటుపోయిందో తెలియలేదట. ఎక్కడ పాత పడవ ఉందన్నా వెళ్లి తడిమి చూస్తాడట, ముప్ఫై ఏళ్లుగా.

పడవ దగ్గరికి తెచ్చి కడపాయన ఆయన చెయ్యి పట్టి అంచు మీద పెట్టాడు. ముసలాయన వేళ్లు మెల్లగా కదిలాయి. ముందు చెంప, వంపు, డ్రైవరు కూర్చునే గుంట అంచు. గుంట అంచున ఎడమవైపు ఒక చిన్న గాటు ఉంది. తాడు ఒరుసుకుని పడిందని నేనెప్పుడో అనుకున్నాను. కొత్తగా చేసినా దాన్ని పూడ్చలేదు, బలానికి దెబ్బలేదు కదా అని. ఆ గాటు మీద ఆయన బొటనవేలు ఆగింది. సరిగ్గా ఇమిడింది. ముసలాయన ఊపిరి మారిపోయింది. ఏదో అడిగాడు. నంబరు ఎంత అని.

కడపాయన మహా సంతోషంగా అరబ్బీలో చెప్పాడు, డెబ్బై ఒకటి అని.

వేలు గాటులోంచి బయటికి వచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మూ మాలీ," అన్నాడు. నాది కాదు. తర్వాత మెల్లగా, తనకే చెప్పుకుంటున్నట్టు, "తమంతాష్," అన్నాడు. కొలతల పుణ్యాన నాకు ఆ మాట బాగా తెలుసు. పద్ధెనిమిది.

నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. చేతిలో ఉప్పు కాగితం. పలక అటక మీద ఉంది. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న దాని వెనకే వస్తుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను. కడపాయన కూడా పోల్చుకోలేకపోయాడు. డెబ్బై ఒకటి మీద మనసు పడ్డాక పద్ధెనిమిది చెవికెక్కలేదు. ముసలాయన్ని మళ్లీ బండి ఎక్కించాడు. ఎక్కేముందు ఆయన ఒకసారి పడవ ఉన్న దిక్కుకి మొహం తిప్పాడు.

సాయంత్రం ఇంట్లో నా భార్య డ్యూటీ నుంచి వచ్చి, ఇంకా బూట్లు విప్పకుండానే అంది.

"ఏంటండీ అలా ఉన్నారు? ఒంట్లో బాలేదా?"

చెప్పేశాను. ఇరవై ఆరేళ్ల సంసారంలో ఆవిడ దగ్గర దాచి నెగ్గింది ఒక్కటీ లేదు. అంతా విని అడిగింది.

"అయితే పద్ధెనిమిదిలో ఉన్న ఎనిమిది ఏడెలా అయ్యిందంటారు?"

"పలక తలకిందులైంది."

"పలక కాదండీ. ఎనిమిదిని ఏడు చేసింది మీ ఏడుపు." బూట్లు విప్పుతూ అంది. "ఆ కుర్రాడంటే చూడక తప్పు చదివాడు. మీరు చూసి చదవనివ్వలేదు. మా వార్డులో ఎక్స్‌రే ఎవరైనా తిరగేసి పెడితే చూసినవాళ్లు నోరు మూసుకుంటారా? మూసుకుంటే మంచి కాలు కోసేస్తారు."

ఆవిడ ఎప్పుడూ అంతే, మాట అనేసి అన్నం పెట్టుకుంటుంది.

మరునాడు నంబరు వెయ్యాల్సిన రోజు. కొత్త పక్కచెక్క బిగించి, నీలం రంగు వేసి ఆరబెట్టి ఉంచాను. షెడ్డులో దిగాక కడపాయన వెనక సీటులోంచి అట్టముక్క తీశాడు. డెబ్బై ఒకటి కత్తిరించిన అచ్చు. పలక దొరికిన రోజు ఫోనులో తీసుకున్న ఫొటోలో గీతల లావు చూసి, కొలిచి, తనే కోశాడట. చాలా బాగా కోశాడు. దానికి కూడా కుళ్లుకున్నాను.

అర్బాబ్ వచ్చాడు. బ్రష్షు నా చేతిలో, తెల్ల రంగు డబ్బా నేల మీద. కడపాయన అచ్చు అందించాడు. నేను అందుకుని, తిప్పి, పలక మీద ఆనించాను.

"మేస్త్రీ, తల్లకిందులు పెట్టినావు," అన్నాడు.

"కాదు భాయ్. ఇప్పుడే సరిగ్గా పెట్టాను."

అటక మీంచి పాత పలక తెచ్చాను. మేకుల బొక్కలు దగ్గరగా ఉన్న అంచును కిందికి పెట్టి పడవ పక్కన నిలబెట్టాను. కొత్త పలకలో నేను కొట్టిన మేకులు చూపించాను, వేలితో బొక్క బొక్కా లెక్కపెట్టాను. మాట అక్కర్లేకపోయింది. అచ్చులో పద్ధెనిమిది, పాత పలకలో పద్ధెనిమిది.

అర్బాబ్ కడపాయనవైపు చూశాడు. డెబ్బై ఒకటని ఎంతమందికి చెప్పుకున్నాడో, ప్రదర్శన దగ్గర పెట్టే బోర్డు మీద కూడా అదే అచ్చయింది. హిందీలో అన్నాడు, "మేస్త్రీ కో ఆంఖ్ హై. తుమ్హారా సిర్ఫ్ జబాన్." మేస్త్రీకి కళ్లున్నాయి, నీకున్నది నాలుక ఒక్కటే అని.

తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి మజ్లిస్‌కి తీసుకెళ్లాడు. అదే దిండు. కాఫీ వచ్చింది. కిటికీలోంచి చూస్తే కడపాయన గడప బయట నిలబడి ఉన్నాడు. నేను కోరుకున్నది అచ్చం ఇదే. ఇంతకన్నా ఒక్క గింజ ఎక్కువా కోరుకోలేదు, తక్కువా కోరుకోలేదు. ఒక్క గుటక తాగి కప్పు ఊపేశాను. ఎప్పటి నుంచి తెలుసని అర్బాబ్ అడగలేదు. అడిగితే బాగుండేది. నేనూ చెప్పలేదు.

మధ్యాహ్నం ముసలాయనకి కబురు చెప్పడానికి ఇద్దరం పికప్‌లో బయలుదేరాం. పాత పలక వెనక గుడ్డలో చుట్టి పెట్టుకున్నాం. ఊరు దాటాక చెప్పాను.

"నాకు మొదటిరోజే తెలుసు భాయ్. నువ్వు కిటికీ దగ్గర పట్టుకున్నప్పుడే."

అతను బండి రోడ్డు పక్కకి తీసి ఆపాడు.

"నిన్న ముసలాయప్ప చెయ్యి యెనక్కి తీసుకున్యప్పుడు నువ్వు ఆడనే ఉంటివి కదా మేస్త్రీ."

"ఉన్నాను."

"నా మింద కడుపుమంట ఉంటే నన్ను తిట్టల్ల. అందర్లో నగుబాటు చెయ్యల్ల, పడతా. ఆయప్ప నీకేం చేసినాడు?"

అతను బండి తీశాడు. మిగతా దారంతా ఏసీ చప్పుడే.

ముసలాయన ఇల్లు చిన్నది, మజ్లిస్ ఇంకా చిన్నది. కడపాయన గుడ్డ విప్పి పలకను ఆయన ఒళ్లో పెట్టాడు. సరైన అంచు కిందికి వచ్చేలా చూసి మరీ పెట్టాడు. నేను రుద్దినచోట రంగుకీ రంగుకీ మధ్య మెట్టు చేతికి తెలుస్తుంది. ముసలాయన చూపుడువేలు గీత మీద పైనుంచి కిందికి దిగింది. తర్వాత పాక కప్పు ఒక వాలు ఎక్కి, రెండో వాలు దిగింది. మళ్లీ ఎక్కి, మళ్లీ దిగింది. "తమంతాష్," అన్నాడు. నిన్న అన్న మాటే. కానీ నిన్న అన్న మనిషి కాడు. పలకని గుండెకి ఆనించుకుని, పోయిన తమ్ముడి పేరు కాబోలు, పిలుస్తూ ఏడ్చాడు. ఏడుపంటే అదీ.

కాసేపటికి తేరుకుని ఒక ప్రశ్న అడిగాడు. కడపాయన నావైపు తిరిగాడు.

"నిన్న యెందుకు తెలీలేదు అని అడుగుతాండాడు."

చెప్పాల్సిన చోటు అదేనని నాకు తెలిసింది. "ఉన్నదున్నట్టు చెప్పు భాయ్," అన్నాను. "నాకు తెలుసని చెప్పు. నీ మీద ఓర్వలేక నలభై రోజులు దాచానని, నిన్న ఈయన ఎదురుగా నిలబడి కూడా నోరు విప్పలేదని చెప్పు. క్షమించమన్నానని చెప్పు."

కడపాయన నన్ను ఒక క్షణం చూసి, ఆయనవైపు తిరిగి అరబ్బీలో చెప్పడం మొదలుపెట్టాడు. నా నాలుగు మాటలకి అతను పది చెప్పాడు. వింటూ వింటూ ముసలాయన నవ్వాడు. నవ్వి, చెయ్యి చాపి, నా మోకాలు వెతికి తట్టాడు. తనే కూజా అందుకుని, కప్పు అంచు వేలితో తడుముకుంటూ నాకు కాఫీ పోశాడు. తాగాను. మళ్లీ పోశాడు. కప్పు ఊపాలని నాకిప్పుడు తెలుసు. ఊపలేదు. క్షమించాడు కదా, పొయ్యనీ అనుకున్నాను. కడపాయన రెండు కప్పులకే ఊపేసి నన్ను చూస్తూ కూర్చున్నాడు. నావి ఎన్నయ్యాయో లెక్కపెట్టుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు గుండె దడగా ఉంది, తేలిగ్గా కూడా ఉంది.

"ఆయన ఏమన్నాడు భాయ్? అంత తేలిగ్గా నవ్వేశాడేంటి?"

"నిన్న మేస్త్రీ కండ్లద్దాలు ఇంట్లో మర్సిపోయినాడు, ఈ పొద్దు పెట్టుకోని వచ్చి తనే కనిపెట్టినాడు అని చెప్పినా. మా నాయనా, ఇద్దరం గుడ్డోళ్లమే అని నగినాడు."

"నేను చెప్పమన్నది అది కాదు కదా," అన్నాను.

"నీకోసరం చెప్పలేదులే మేస్త్రీ. పడవ దొరికిన పొద్దు, దాన్ని తెలిసీ దాచినోడు ఒగడున్నాడని ఆయప్ప వినాల్నా?" రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "నీ బరువు నువ్వే మొయ్యి."

జాతీయ దినోత్సవం నాడు పడవ పద్ధెనిమిదో నంబరుతో ఖోర్ ఒడ్డున నిలబడింది. ముసలాయన దాని పక్కన కుర్చీ వేసుకుని, గాటులో బొటనవేలు పెట్టుకుని, పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. ఆయన్ని తెచ్చిందీ, దించిందీ కడపాయనే. అర్బాబ్ కొద్దిరోజులకి అతన్ని మళ్లీ లోపలికి పిలిచాడు. రమ్మంటే వెళ్లేవాడు, ఒక కప్పు తాగి ఊపేసి లేచొచ్చేవాడు. నన్ను రోజూ అల్ నహ్దాలో ఎక్కించుకోవడం మానలేదు. నేను రిటైరై విమానం ఎక్కిన రోజు కూడా అదే పికప్‌లో దించాడు. ఆ సంగతి మాత్రం మళ్లీ ఇద్దరం ఎత్తలేదు.

అతని భాష మీద, ఆ దిండు మీద, చివరికి అట్టముక్క కోసిన తీరు మీద కూడా నాకు అసూయ కలిగిందని చెప్పాను కదా. అవన్నీ పోయాయి. ఒక్కటి మిగిలింది. ముసలాయన కోసం ఆ అబద్ధం ఆడాలని అతనికి అప్పటికప్పుడు తట్టింది. నలభై రోజుల్లో నాకు అలాంటిది ఒక్కటీ తట్టలేదు. దానికి ఇప్పటికీ కుళ్లుకుంటాను.

నా తప్పు ఒప్పుకున్నాను గానీ అది చేరాల్సిన చెవికి చేరలేదు. అందుకే ఇక్కడ, నాకొచ్చిన భాషలో రాశాను. మధ్యలో దుబాసీ లేడు.